కాయం సీసాకి పాత బట్టలని పేరు

2023 ఫిబ్రవరిలో మా అక్క కూతురు న్యూజెర్సీలో ప్రసవించింది. పురుడు పోయడానికి వెళ్లిన అక్క ఫోన్ చేసి, "అమ్మా, కాయం చేసి పంపుతావా? ఇక్కడ ఎక్కడా దొరకలేదు" అంది. కాయమంటే బాలింతకి పెట్టే లేహ్యం. అమ్మకి అప్పుడు 74 ఏళ్లు. ఆ మాట వినగానే లేచి చీర కొంగు దోపుకుంది. తెనాలి బజారులో పచారీ కొట్టుకి నన్ను వెంటబెట్టుకుని వెళ్లి శొంఠి, పిప్పళ్లు, మోడి, మిరియాలు, వాము ఒక్కొక్కటి అరచేతిలో వేసుకుని వాసన చూసి మరీ కొంది. పాత బెల్లం కోసం ఇంకో వీధికి వెళ్లాం. రెండు రోజులు పొయ్యి దగ్గర నిలబడి, నువ్వుల నూనె వేస్తూ, కలుపుతూ ముదురు పాకం తీసింది. చల్లారాక రెండు గాజు సీసాల్లోకి ఎత్తి, మూతి మీద గుడ్డ కట్టింది. సున్నిఉండలు నలభై చేసింది. అన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది మా ఊళ్లోనే ఒక కొరియర్ ఏజెంటు దగ్గరికి తీసుకెళ్లాను.

ఆ పెట్టె అమెరికా చేరింది. అక్క ఉన్న ఇంటికి మాత్రం చేరలేదు. పన్నెండు రోజులు "కస్టమ్స్ క్లియరెన్స్‌లో ఉంది" అనే మాటే కనిపించింది. పదమూడో రోజున సరుకు ధ్వంసం చేశారని తెలిసింది. ఏజెంటుని అడిగితే, "కస్టమ్స్ వాళ్లు ఆపేశారు మేడమ్, మా చేతుల్లో ఏముంది" అన్నాడు. అప్పుడు తీశాను రసీదు. పర్సులో నాలుగు మడతలుగా పడి ఉంది. సరుకు వివరం అన్న చోట "యూజ్డ్ క్లాత్స్" అని ఉంది. పాత బట్టలు. విలువ 15 డాలర్లు. పంపేవారి పేరు దగ్గర ఆ ఏజెంటు పేరే ఉంది. అడుగున నా సంతకం ఉంది.

ఒక్క క్షణం ఆ అధికారి చోట నిలబడి చూడండి. కాగితం మీద పాత బట్టలని ఉంది. యంత్రంలో చూస్తే రెండు సీసాలు కనిపించాయి. విప్పి చూస్తే నల్లగా, జిగటగా, ఘాటైన వాసనతో ఏదో ముద్ద. చీటీ లేదు, పేరు లేదు. అది బాలింతకి పెట్టేదని, మా అమ్మ చేతులు రెండు రోజులు ఆ పాకం తిప్పాయని అతనికి ఎలా తెలుస్తుంది? అడుగుదామంటే ఫోన్ నంబరు, ఈమెయిలు రెండూ ఏజెంటువే. వివరాలు ఇమ్మని వాళ్లు పంపిన ఈమెయిలు ఏజెంటు ఇన్‌బాక్స్‌లోనే చదివే దిక్కు లేక ఉండిపోయింది. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

అమ్మకి ఈ సంగతి చెప్పడానికి నాకు వారం పట్టింది.

ఆ రోజు నుంచి పార్సిళ్ల గురించి దొరికినదల్లా చదివాను, అడిగాను, రాసుకున్నాను. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఒకటి ఏర్పడింది. ఈ వ్యాసం అందుకే. పెట్టెలో ఏముందో మన మాటల్లో, మన పేరుతో, మనమే రాయించాలి. ఆ ఒక్క గీత మీద రాసే అబద్ధం మన మేలు కోసమేనని కౌంటర్ దగ్గర చెప్తారు. అది నిజం కాదు. ఆ అబద్ధం వల్ల వాళ్లకి పని త్వరగా అవుతుంది, తేడా వస్తే నష్టం మనకి వస్తుంది.

మొదట నన్ను బాగా బాధపెట్టిన సంగతి చెప్తాను. 2023లో ఆ అబద్ధానికి అవసరమే లేదు. అమెరికాలో అప్పటికి 800 డాలర్ల లోపు విలువ ఉన్న పార్సిలు మీద సుంకం లేదు. 2016 దాకా ఆ హద్దు 200 డాలర్లు, ఆ ఏడాది మార్చిలో దాన్ని 800కి పెంచారు. మా పెట్టెలోని సరుకు మొత్తం ఖరీదు కట్టినా 50 డాలర్లు దాటదు. అంటే ఉన్నది ఉన్నట్టు రాసినా ఒక్క పైసా సుంకం పడేది కాదు. మరి పాత బట్టలని ఎందుకు రాశాడు? తిండి పదార్థమని రాస్తే ఇంకో రెండు గడులు నింపాలి, ఇంకో కాగితం జత చేయాలి. బట్టలంటే ఒక్క మాటతో అయిపోతుంది. అంతే కారణం.

రెండో సంగతి ఇంకా పెద్దది. ఇంట్లో వండిన తిండికి అమెరికా నియమాల్లోనే ఒక చోటు ఉంది. 2002లో వాళ్లు జీవాయుధ దాడుల భయంతో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం 2003 డిసెంబర్ 12 నుంచి, బయటి దేశాల నుంచి వచ్చే ఆహారం ఏదైనా సరే, అది చేరక ముందే వాళ్ల ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏకి ముందస్తు నోటీసు ఇవ్వాలి. కొట్లో కొన్న కాజాలైనా, సీల్ వేసిన పచ్చడి డబ్బా అయినా ఈ నియమం కిందికే వస్తాయి. మామూలు మనుషులు పంపుకునే కానుకల మీద అధికారులు అంత పట్టుదలగా ఉండరు గానీ, నియమం మాత్రం ఉంది. అదే నియమంలో మినహాయింపు ఒకటి రాసి పెట్టారు. ఒక మనిషి తన ఇంట్లో తానే తయారు చేసి, ఇంకో మనిషికి కానుకగా తానే పంపే ఆహారానికి ఆ నోటీసు అక్కర్లేదు.

ఈ వాక్యం మొదటిసారి అర్థమైనప్పుడు నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను. సముద్రాల అవతల ఏదో కార్యాలయంలో కూర్చుని నియమాలు రాసేవాళ్లకి కూడా, అమ్మ చేతి వంట వేరు, అంగడి సరుకు వేరు అని తోచింది. దానికి తలుపు తెరిచి ఉంచారు. ఆ తలుపు మీద రెండు షరతులు ఉన్నాయి. చేసిన మనిషే పంపాలి, అది మనిషికి మనిషి పంపే కానుక అయి ఉండాలి. మా రసీదులో పంపినవారి పేరు ఏజెంటుది. వస్తువు పాత బట్టలు. మా అమ్మ కోసం ఉన్న తలుపుని మా ఊళ్లోనే, మా ముందే మూసేశారు.

కాయం తిండా, మందా అని వాళ్లు ప్రశ్న వేసి ఉండేవారేమో. వేయనివ్వండి. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, బెల్లం, నూనె అని చెప్పేవాళ్లం. కాదంటే కాదనేవారు. అడగడానికైనా ఆ సీసాకి ఒక పేరు ఉండాలి కదా.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. "అన్నీ నిజం రాస్తే ఏదీ వెళ్లదండీ, వాళ్లకి మన తిండంటేనే అనుమానం" అని. కొన్ని వెళ్లవు, నిజమే. ఎందుకు వెళ్లవో తెలుసుకుంటే మనకే ఒప్పుకోవాలనిపిస్తుంది. పచ్చి కరివేపాకు సంగతి చూడండి. నిమ్మజాతి చెట్లకి పచ్చదనం పోయి, కాయ పండక, చెట్టే చచ్చిపోయే తెగులు ఒకటి ఉంది. దాన్ని మోసుకుతిరిగే చిన్న పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడి అక్కడి నారింజ తోటల్ని చాలా మటుకు తుడిచిపెట్టేసింది. మన బత్తాయి రైతులకీ ఆ తెగులు కొత్త కాదు. నల్గొండలో ఒక బత్తాయి తోట యజమానిని అడగండి, గుప్పెడు ఆకు సంగతి అంత పట్టింపుగా ఎందుకు చూస్తారో అతనే చెప్తాడు. బియ్యం సంగతీ అంతే. మన గోదాముల్లో ధాన్యాన్ని పొట్టు పొట్టు చేసే ఖప్రా పురుగు వాళ్ల దేశంలో లేదు. అది ఉన్న దేశాల నుంచి ఇంటి వాడకానికని చిన్న సంచుల్లో బియ్యం తీసుకెళ్లడం, పంపడం 2011 నుంచి ఆపేశారు. బ్రిటన్‌కి మన దగ్గర నుంచి మాంసం, పాలతో చేసినవి పోస్టులో పంపకూడదు. అంటే మటన్ పచ్చడి, పాలకోవా కుదరవు. ఆవకాయకి ఆ అడ్డు లేదు. పంపకూడనివాటి జాబితా మనం భయపడేంత పొడవు లేదు. ఒక పేజీలో పడుతుంది. ఆ పేజీ ప్రతి కౌంటర్ దగ్గరా తెలుగులో అతికించడానికి ఎంత ఖర్చవుతుంది?

గల్ఫ్ దేశాల దగ్గరికి వస్తే ఈ పేజీ లేకపోవడం జైలు దాకా తీసుకెళ్తుంది. గసగసాలు మనకి మసాలా దినుసు, మాంసం కూరలో గ్రేవీకి వేసేది. యూఏఈ, సౌదీ, ఖతర్‌లలో అది మత్తు మొక్కకి సంబంధించిన నిషేధిత వస్తువు. కొద్దిగా ఉన్నా నేరమే. కోనసీమ నుంచి, కడప నుంచి, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి లక్షలమంది ఆ దేశాల్లో పని చేస్తున్నారు. సెలవు మీద వచ్చి తిరిగి వెళ్లేవాళ్ల చేతికి ఊళ్లో నలుగురూ నాలుగు సంచులు ఇస్తారు. "మా వాడికి ఈ కాస్త మసాలా ఇచ్చెయ్ అన్నా" అంటారు. కాదంటే మొహమాటం. విప్పి చూస్తే అనుమానించినట్టు ఉంటుందని విప్పరు. ఆ దేశపు విమానాశ్రయంలో మాత్రం సంచి ఎవరి చేతిలో ఉంటే నేరం వాళ్లదే. ఇచ్చినవాడి పేరు చెప్పినా వినరు. ఇతరుల సంచి తీసుకెళ్లేవాళ్లు ఇచ్చినవాళ్ల ముందే దాన్ని విప్పి, ఒక్కో పొట్లం చూసి, మళ్లీ కట్టుకోవాలి. అందులో మర్యాద తక్కువేమీ లేదు. మా ఆడపడుచు కొడుకు కువైట్ వెళ్లేటప్పుడు నేను దగ్గరుండి ఆ పని చేయించాను. ఇచ్చినవాళ్లలో ఒక్కరూ నొచ్చుకోలేదు.

విలువ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు గొడవంతా అక్కడే ఉంది.

2025 ఆగస్టు 29న అమెరికా ఆ 800 డాలర్ల మినహాయింపుని అన్ని దేశాలకీ తీసేసింది. చైనా, హాంకాంగ్ సరుకుకి ఆ ఏడాది మే నెలలోనే తీసేశారు. పోస్టులో వచ్చే పార్సిలు మీద సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎలా కట్టాలి అన్నది తేలకపోవడంతో విమానయాన సంస్థలు అమెరికా టపా ఎక్కించుకోలేమన్నాయి. దాంతో ఆగస్టు 25 నుంచి మన తపాలా శాఖ అమెరికాకి బుకింగ్ ఆపింది. ముందు ఉత్తరాలు, 100 డాలర్ల లోపు కానుకలు తీసుకుంటామన్నారు, నెలాఖరుకి అవీ ఆగిపోయాయి. ఆ వారమే వినాయక చవితి. తర్వాత బతుకమ్మ, దసరా. పోస్టాఫీసు గుమ్మం దగ్గర పెట్టెలు పట్టుకుని నిలబడి, వెనక్కి తిరిగిన అమ్మలని నేను కళ్లారా చూశాను. అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టారు. దీపావళికి ఇంకా ఐదు రోజులు ఉంది. ఆ పార్సిలు దీపావళి లోపల ఎలా వెళ్తుంది? అప్పటి లెక్క ప్రకారం పోస్టు సరుకు మీద, చూపించిన విలువలో 50 శాతం సుంకం, అదీ ఇక్కడే ముందుగా కట్టాల్సి వచ్చింది. 100 డాలర్ల లోపు నిజమైన కానుకకి మాత్రం సుంకం లేదు.

ఈ 100 డాలర్ల హద్దు చూసి కౌంటర్లలో కొత్త అలవాటు పుట్టింది. ఏ పెట్టె తెచ్చినా 99 డాలర్లు రాసేస్తున్నారు. పట్టుచీర ఉన్నా 99, పచ్చడి ఉన్నా 99. ఈ అలవాటు రెండు వైపులా తప్పు. పాతిక వేల పట్టుచీరకి 99 రాస్తే అది మోసం. రేపు చీర పోతే ఆ 99 డాలర్ల మీదే నష్టపరిహారం అడగాలి. కాగితం మీద తక్కువ రాసి, పోయాక అసలు ధర ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు. మూడు వేల రూపాయల పచ్చళ్లకి 99 రాస్తే అది మనకే ప్రమాదం. అన్ని పెట్టెల మీదా ఒకే అంకె కనిపిస్తే, చూసేవాడికి అన్నిటి మీదా అనుమానం వస్తుంది.

మరి అమ్మ చేసిన ఆవకాయ విలువ ఎంత? ఇది నన్ను చాలామంది అడిగిన ప్రశ్న. కొనలేదు కాబట్టి బిల్లు లేదు. ప్రేమకి ధర కట్టమంటున్నారా అని ఒకావిడ కోపంగా అడిగారు. కట్టమనడం లేదండీ. అలాంటి సరుకు మీ ఊళ్లో కొంటే ఎంత అవుతుందో అది రాయమంటున్నారు. మా దగ్గర ఇంటి పచ్చళ్ల కొట్టులో ఆవకాయ కిలో 700 రూపాయలు. నాలుగు కిలోలు పంపితే 2,800 రూపాయలు. అదే రాస్తాను. పక్కన ఇంట్లో చేసినది, అమ్మకానికి కాదు అని రాస్తాను. 100 డాలర్లంటే ఆ రోజుల్లో దాదాపు 8,800 రూపాయలు. నిజం రాసినా ఆ హద్దుకి చాలా కిందే ఉన్నాం. ఈ మినహాయింపు ఒక మనిషికి ఒక రోజులో వచ్చేవాటికి కలిపి ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. ఒకే రోజు అక్క పేరున మూడు పెట్టెలు పంపి, ఒక్కోదానికి వంద అనుకుంటే కుదరదు. ఈ అంకెలు ఇంతకు ముందూ మారాయి, ముందు ముందు కూడా మారతాయి. పంపేముందు ఆ వారం నియమం ఏమిటో చూసుకోక తప్పదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి తూకం గురించి ఒక ముక్క. కొరియర్ వాళ్లు అసలు బరువుతో పాటు పెట్టె కొలతల బరువు కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. జంతికలు, పూతరేకులు నలుగుతాయని పెద్ద పెట్టెలో దూదిలా సర్దుతాం. నలభై, నలభై, నలభై సెంటీమీటర్ల పెట్టె 12.8 కిలోల లెక్కకి వస్తుంది, లోపల ఏడు కిలోలే ఉన్నా సరే. ఎత్తు పాతికకి తగ్గిస్తే ఎనిమిది కిలోలు. నేను ఇంట్లోనే టేపు పెట్టి కొలుచుకుని వెళ్తాను. చేరే చోట ఇంకో ఖర్చు కూడా ఉంటుంది. సుంకం పడితే కొరియర్ సంస్థ మన తరఫున ముందు కట్టేసి, ఆ సేవకి విడిగా రుసుము వేసి, తలుపు దగ్గర వసూలు చేస్తుంది. బ్రిటన్‌లో ఉన్న మా పిన్ని కొడుక్కి ఒకసారి పన్ను కంటే ఆ రుసుమే ఎక్కువ పడింది. 39 పౌన్ల లోపు కానుకకి అక్కడ పన్ను లేదు. మేము 45 పౌన్ల సరుకు ఒకే పెట్టెలో పంపాం. ఈ రుసుము సంగతి బుకింగ్ రోజునే కాగితం మీద చూపించమని చట్టం ఉండాలి. నా బలమైన కోరికల్లో అదొకటి.

పోస్టాఫీసు మీద నాకు ఇప్పటికీ గౌరవం ఎక్కువ. ఆలస్యం అవుతుంది, బల్ల దగ్గర మనిషి ఒక్కడే ఉంటాడు, నిజమే. కానీ అక్కడ సీఎన్ 22, సీఎన్ 23 అనే కస్టమ్స్ ఫారాలు ఉంటాయి. ప్రపంచ తపాలా సంఘం 1874లో బెర్న్‌లో పుట్టింది. మన దేశం 1876లో చేరింది. ఆ సంఘంలోని దేశాలన్నిటికీ అర్థమయ్యేలా ఉండే ఫారాలవి. ఏ వస్తువు, ఎన్ని, ఎంత బరువు, ఎంత విలువ, ఒక్కోదానికి ఒక్కో వరుస ఉంటుంది. పంపే మనిషి పేరు, సంతకం ఉంటాయి. మన సరుకు గురించి మనం నోరు తెరిచి చెప్పుకోవడానికి ఇచ్చిన చోటు అది. పోస్టు ఇచ్చే నంబరు కూడా దాచేది కాదు. ముందు రెండు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర మన దేశానికి ఐఎన్. తొమ్మిదో అంకె ముందు ఎనిమిదింటి నుంచి లెక్కకట్టి వేసేది కాబట్టి ఒక్క అంకె తప్పు కొట్టినా యంత్రం పట్టేస్తుంది. ఆ నంబరుతో అక్కడి పోస్టు వెబ్‌సైటులోనూ వెతకవచ్చు. చిన్న ఏజెంట్లు ఇచ్చే నంబరు చాలాసార్లు వాళ్ల సొంత నంబరు. పెట్టె ఏ సంస్థ విమానంలో వెళ్తుందో, ఆ సంస్థ ఇచ్చే సరుకు రసీదు, అంటే ఎయిర్‌వే బిల్, నంబరు ఏమిటో అడిగి తీసుకునేదాకా నేను కౌంటర్ వదలను.

అటు నుంచి ఇటు వచ్చేవాటిదీ ఒక కథే. 2019 డిసెంబర్‌లో మన ప్రభుత్వం నియమం మార్చింది. అంతకు ముందు 5,000 రూపాయల లోపు కానుకలు పోస్టులోనో కొరియర్‌లోనో వస్తే సుంకం ఉండేది కాదు. కొన్ని ఆన్‌లైన్ అంగళ్లు అమ్మిన సరుకుని కూడా కానుక అని రాసి పంపడం మొదలుపెట్టాయి. దాంతో ఆ సౌకర్యాన్నే ఎత్తేశారు. ఇప్పుడు సుంకం లేకుండా కానుకగా రాగలిగేవి రెండే: ప్రాణం నిలిపే మందులు, రాఖీ. రాఖీతో పాటు పెట్టిన వస్తువుకి ఆ మినహాయింపు లేదు. మా బావగారు అమ్మకి బీపీ చూసుకునే మిషను పంపితే సుంకం కట్టి తీసుకున్నాం. వ్యాపారులు కానుక అన్న మాటని వాడుకుని అబద్ధం రాసినందుకు, నిజంగా కానుకలు పంపుకునే కుటుంబాలు ఇప్పుడు మూల్యం చెల్లిస్తున్నాయి. నా వాదనకి ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు దొరకలేదు. కాగితం మీద అబద్ధం ఎక్కువైనప్పుడల్లా, ముందుగా మూతపడేది మామూలు మనుషుల కోసం ఉంచిన తలుపే.

ఈ కాగితాల సంగతి మనకి తెలియకపోవడం మీద ఇంకొకళ్లు బతుకుతున్నారు. వాళ్లు దొంగలు. "మీ పేరున విదేశాలకి వెళ్తున్న పార్సిల్లో మాదక ద్రవ్యాలు దొరికాయి, కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నాం" అని ఫోన్ వస్తుంది. తర్వాత పోలీసు దుస్తుల్లో ఎవరో వీడియోలోకి వస్తారు. మా స్కూల్లో పని చేసి రిటైరైన ఒక మాస్టారు నాలుగు గంటలు ఆ ఫోన్ ముందు చెమటలు కక్కుతూ కూర్చున్నారు. కూతురు తలుపు కొట్టబట్టి సరిపోయింది. 2024 అక్టోబర్‌లో ప్రధాని తన రేడియో ప్రసంగంలో కూడా చెప్పారు, ఇలా ఫోన్ ముందే పట్టి కూర్చోబెట్టే డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో లేదని. కస్టమ్స్ వాళ్లు ఎవరి సొంత ఖాతాలోకీ డబ్బు వేయమనరు. 2019 నవంబర్ నుంచి వాళ్లు పంపే నోటీసు మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని శాఖ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. మోసం జరిగితే 1930 నంబరుకి వెంటనే ఫోన్ చేయాలి. తాను ఎన్నడు, ఏ పెట్టె, ఏ పేరుతో పంపారో రసీదులు దగ్గర ఉన్న మనిషిని భయపెట్టడం కష్టం. ఆ మాస్టారు ఏడాదికి రెండుసార్లు కొడుక్కి పార్సిలు పంపుతారు. ఒక్క రసీదూ దాచలేదు. ఫోన్‌లో వాడు చెప్పేది నిజమేనేమో అనిపించింది అందుకే అన్నారు నాతో.

ఏజెంట్లందరూ చెడ్డవాళ్లని నేను అనను. ఆ కుర్రాళ్లు రోజుకి వంద పెట్టెలు చూస్తారు. వాళ్ల మీద పైనుంచి ఒత్తిడి ఉంటుంది. చాలామందికి నిజం రాస్తే ఏమవుతుందో తెలియదు, ఎవరూ నేర్పలేదు. కానీ మా అమ్మ రెండు రోజుల శ్రమని పాత బట్టలని రాసే హక్కు ఎవరికీ లేదు. నేను కోరేది చాలా కొంచెం. పెట్టె మీద వెళ్లే వివరం పంపే మనిషి ముందు చదివి వినిపించాలి, తెలుగులో. పంపేవారి పేరు, ఫోన్, ఈమెయిలు పంపేవారివే ఉండాలి. ఇది ఖర్చుతో కూడిన పని కాదు.

ఇప్పుడు నేను పెట్టె ఎలా పంపుతానో చెప్తాను. ప్రతి పొట్లం మీద స్కెచ్ పెన్నుతో పేరు, అందులో వేసినవి, చేసిన తేదీ ఇంగ్లీషులో రాసి అతికిస్తాను. కందిపొడి అంటే కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు. గాజు సీసాలు మానేశాను, మందపాటి కవర్లలో రెండు సీళ్లు వేయిస్తున్నాను. జాబితా మూడు కాపీలు తీసుకెళ్తాను. ఒకటి పెట్టె లోపల పైన పెడతాను, ఒకటి కౌంటర్‌కి, ఒకటి నాకు. అక్కకి ఫోటో పంపుతాను, అడిగితే అక్కడ చూపించడానికి. కొట్లో కొన్నవి ఉంటే వేరే పెట్టెలో, బిల్లుతో పంపుతాను.

ఇంకో ముఖ్యమైన మార్పు. అమ్మ వండితే అమ్మనే తీసుకెళ్తున్నాను. అమ్మ ఆధార్, అమ్మ పేరు.

పోయిన నెల అక్క మనవరాలికి మూడో పుట్టినరోజు అయింది. అమ్మ సున్నిఉండలు చేసింది, ఈసారి అరవై. కౌంటర్ దగ్గర కొత్త కుర్రాడు, "ఫుడ్ ఐటమ్స్ అని పెట్టేస్తా అమ్మా" అన్నాడు. వద్దు బాబూ, నేను చెప్తాను, నువ్వు కొట్టు అన్నాను. మినపప్పు, బెల్లం, నెయ్యితో ఇంట్లో చేసిన మిఠాయి, 60, కానుక, అమ్మకానికి కాదు. అతను కొడుతూ మధ్యలో ఆగి, సున్నిఉండ స్పెల్లింగ్ ఎలా అని అడిగాడు. నెయ్యి ఉంది కాబట్టి ఒకసారి పై ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోమన్నాను. కనుక్కున్నాడు. పంపవచ్చన్నారు. తెర మా వైపు తిప్పి చూపించాడు. అమ్మ కళ్లజోడు సవరించుకుని తన పేరు ఉన్న చోటు వేలితో వెతుక్కుంది. ఫారం అంతా ఇంగ్లీషులో ఉంది. అడుగున సంతకం తెలుగులో పెట్టవచ్చా అని నన్ను అడిగింది. పెట్టవచ్చమ్మా అన్నాను. పెన్ను గట్టిగా పట్టుకుని, ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసింది.